తీర్పు కాపీ ఎవరెవరికి వెళ్లింది?

తీర్పుల్ని చివరి పేరాల నుంచి చదవడం నాకు అలవాటు. సూత్రాలన్నీ మధ్యలో ఉంటాయి, ఎవరు ఏం చెయ్యాలన్నది మాత్రం చివర్లో ఉంటుంది. ఆఫీసు మెయిల్ తెరవగానే 'టు'లో ఎవరు, 'సీసీ'లో ఎవరు అని చూసే బుద్ధి అనుకోండి. 1989 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన పరమానంద్ కటారా తీర్పుని కూడా అలాగే చదివాను.

కేసు చాలామందికి తెలిసిందే. స్కూటర్ మీద వెళ్తున్న మనిషిని కారు గుద్దింది. రక్తం కారుతున్న అతన్ని ఎవరో దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే, పోలీసు కేసు, మేం చూడం, అలాంటివి చూసే ఆసుపత్రి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడికి పొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. పేపర్లో వచ్చిన ఆ వార్తని జతచేసి కటారా రిట్ వేశాడు.

జస్టిస్ రంగనాథ్ మిశ్రా, జస్టిస్ ఓజా సూటిగానే చెప్పారు. ప్రాణం కాపాడటం ముందు, పోలీసు తంతు తర్వాత. సర్కారు డాక్టరుకైనా ప్రైవేటు డాక్టరుకైనా ఇదే బాధ్యత, దానికి ఆధారం రాజ్యాంగం 21వ అధికరణం. నన్ను ఆపిన మాట ఇంకోటుంది: పోలీసులు వచ్చేదాకా వైద్యం చెయ్యొద్దనే చట్టం అసలు లేదు. అంటే ఆ మనిషి లేని రూలు వల్ల చచ్చిపోయాడు. స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుందన్న డాక్టర్ల భయం మాత్రం నిజమైనదే. అందుకే వాళ్లని అనవసరంగా తిప్పొద్దని కూడా కోర్టు చెప్పింది.

జబ్బు సమాచారం లేకపోవడమే అయితే మందు కూడా సమాచారమే కావాలి. కోర్టు అదే రాసింది. తీర్పు కాపీలు హైకోర్టులకి, అక్కణ్ణుంచి సెషన్స్ జడ్జీలకి పంపాలి. మెడికల్ కౌన్సిల్ ద్వారా మెడికల్ కాలేజీలకి, ఇంకా రాష్ట్ర ప్రభుత్వాలకి పంపాలి. దూరదర్శన్, ఆకాశవాణి ప్రచారం చెయ్యాలి. మంచి జాబితానే. కానీ ఆసుపత్రి గోడ ఇందులో లేదు. గేటు దగ్గర "ఇక్కడ చూడరు" అన్న మాట విని నిలబడిపోయే మనిషికి, ఆ నిమిషంలో, వేలెత్తి చూపించడానికేమీ లేదు.

చిత్రమేమిటంటే అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా గోడ గురించే ఆలోచించింది. ఇన్సూరెన్స్ లేనివాళ్లని ప్రైవేటు ఆసుపత్రులు సర్కారు ఆసుపత్రులకి తోలేస్తుంటే, దాన్ని ఆపడానికి 1986లో 'ఎమ్‌టాలా' చట్టం తెచ్చారు. ఎమర్జెన్సీకి వచ్చినవాణ్ణి డబ్బుందా లేదా అని చూడకుండా పరీక్షించాలి, పరిస్థితి నిలకడయ్యేదాకా చూడాలి. 1989 సవరణ ఈ హక్కుల్ని ఎమర్జెన్సీ విభాగంలో బోర్డు మీద పెట్టమంది. ఎక్కడ పెట్టాలో కూడా తర్వాతి నిబంధనలు చెప్పాయి: ప్రవేశద్వారం, చేర్చుకునే చోటు, వెయిటింగ్ రూమ్, చికిత్స గది. దీన్ని మరీ పొగడనక్కర్లేదు. వైద్యం ముందు అంది గానీ ఉచితం అనలేదు. బిల్లు ఇంటికొస్తుంది, అక్కడి మనవాళ్లని అడగండి.

ఇక్కడ ఏమైందంటే, 1992లో బెంగాల్లో ఒక వ్యవసాయ కూలీ సంఘ సభ్యుడు రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలించుకున్నాడు. కోల్‌కతాలో సర్కారు ఆసుపత్రులు బెడ్లు లేవని ఒక్కొక్కటే తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17,000 రూపాయలు ఖర్చయింది. 1996లో సుప్రీంకోర్టు 25,000 పరిహారం ఇప్పించింది. కటారా తీర్పు వచ్చిన మూడేళ్లకే జరిగింది ఇదంతా.

చివరికి మన దగ్గరా బోర్డు వచ్చింది. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి ఆసుపత్రి ప్రవేశద్వారం దగ్గర హిందీ, ఇంగ్లీషు, స్థానిక భాషల్లో ప్రకటన పెట్టాలి. అంటే మన ఊళ్లలో తెలుగులో. క్షతగాత్రుణ్ణి తీసుకొచ్చినవాణ్ణి ఆపొద్దు, అతను బంధువు కాకపోతే డబ్బు కట్టమనొద్దు. 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ 134ఏ సెక్షన్‌గా అతనికి రక్షణ దొరికింది. చాలా అవసరమైన పనే. కాకపోతే ఆ బోర్డు మోసుకొచ్చినవాడి గురించి. స్ట్రెచర్ మీద ఉన్నవాడి హక్కుల పట్టిక 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసింది (ఆ కమిషన్ మొదటి అధ్యక్షుడు ఆ రంగనాథ్ మిశ్రాయే). అందులో అత్యవసర వైద్యం హక్కు స్పష్టంగానే ఉంది. దాన్ని అమలు చెయ్యమని 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ ఒక లేఖ రాసింది, రాష్ట్ర ప్రభుత్వాలకి.