మా నాయనమ్మ సబ్బు చేయలేదు

నేను ఇంట్లో మేకపాల సబ్బు చేసి అమ్ముతాను. కొనేవాళ్లు "అమ్మమ్మల కాలం నాటి సబ్బు కదమ్మా" అంటారు. ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. మా నాయనమ్మ అనంతపురం పల్లెలో ఊరి బట్టలన్నీ ఉతికిన మనిషి. ఆమె దగ్గర ఉన్నది చౌడు.

ఎండాకాలం చౌటి నేల మీద తెల్లగా పొక్కు లేస్తుంది. దాన్ని ఊడ్చి గంపలకెత్తేవాళ్లు. బట్టల సోడాలో ఉండే సోడియం కార్బొనేటే అందులోనూ ఉంటుంది. చౌడు నీళ్లలో బట్టలు ముంచి, పిండి, బాన మీద పేర్చి ఆవిరికి ఉడకబెట్టేవాళ్లు. అదే ఉబ్బకు పెట్టడం. మంట ఎంతసేపు, చౌడు ఎంత, ఏ గుడ్డ అడుగున, ఏది పైన అన్నదంతా చేతి లెక్క. తెల్లారి రేవులో బండకేసి ఉతికితే జిడ్డు వదిలిపోయేది. ఇక ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడుకాయ.

నిజానికి సబ్బుకు కావలసినవన్నీ ఊళ్లోనే ఉన్నాయి. చౌడు తేట నీళ్లలో సున్నం వేసి కాస్తే కాస్టిక్ సోడా పుడుతుంది. గానుగ నూనె ఉండనే ఉంది. అయినా మా పల్లెలో ఎవరూ సబ్బు వండలేదంటే, ఆ అవసరం పడలేదనే నా నమ్మకం.

1888లో లీవర్ వాళ్ల సన్‌లైట్ సబ్బు కలకత్తా రేవులో దిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గంధపు చెక్క ఎగుమతి ఆగిపోతే మైసూరు సంస్థానం నూనె తీయించి, బెంగళూరులో సబ్బు కర్మాగారం పెట్టింది. బిళ్ల సబ్బు మా సంతలకొచ్చాక చౌడు గంపలు మూలపడ్డాయి.

నా సబ్బు కొత్త విద్యే. కిలో కొబ్బరి నూనె పూర్తిగా సబ్బు కావాలంటే సుమారు 180 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. నేను కాస్త తగ్గించే వేస్తాను, ఒంటికి నూనె మిగలాలని. మేకపాలను ముందే గడ్డకట్టించి, అందులో కాస్టిక్‌ను కొంచెం కొంచెంగా చల్లాలి. లేకపోతే ఆ వేడికి పాలలోని చక్కెర మాడి గోధుమరంగుకు తిరుగుతుంది. కోసిన బిళ్లలు నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరాలి.

అందుకే అట్ట మీద "పాతకాలపు" అన్న మాట వేయను. ఆ పేరు చౌడుకు దక్కాలి. మీ ఊళ్లో ఉబ్బకు పెట్టిన పెద్దలు ఇంకా ఉంటే, పక్కన కూర్చుని అడిగి రాసిపెట్టండి.