గునుగు కోసే చెయ్యి

బ్రూకింగ్స్‌లోని సౌత్ డకోటా ఆర్ట్ మ్యూజియంలో ఆ బొమ్మ ముందు నిలబడ్డ రోజు నాకు సిద్దిపేటలోని మా చిన్నమ్మ యాదికొచ్చింది. సద్దుల బతుకమ్మ ముందురోజు కొడవలి పట్టుకొని బీడుకు పోయి ఒడినిండా గునుగు కోసుకొచ్చేది. బొమ్మలోని ఆమె చేతిలో కత్తెర ఉంది, రెండో చేతిలో అడవిపూలు. వెనక ఇద్దరు పిల్లలు, వాగు, ఇల్లు, కొట్టం. ముఖంలో నవ్వు లేదు. చూపు పూల మీద కూడా లేదు, ఎటో దూరంగా ఉంది.

గీసింది హార్వే డన్. 1884లో ఈ చుట్టుపక్కలే, మాంచెస్టర్ అనే పల్లె దగ్గర పుట్టి, న్యూజెర్సీలో స్థిరపడ్డాడు. 1950లో, చనిపోవడానికి రెండేళ్ల ముందు, ఈ బొమ్మ వేశాడు. ఊరు వదిలినోడి చేతిలో ఊరు కాస్త ఎక్కువ పచ్చగానే వస్తుంది. నేను చెప్పినప్పుడల్లా మన కోమటిచెరువు పెద్దదవుతూనే ఉంటుంది కదా!

ఆ ఇల్లు ఎట్లా వచ్చిందో చెప్పాలి. 1862లో లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం కొద్దిపాటి ఫీజు కట్టి, ఐదేళ్లు అక్కడే కాపురముండి సేద్యం చేస్తే 160 ఎకరాలకు పట్టా. పెళ్లికాని ఆడవాళ్లకూ ఇచ్చారు. పెళ్లయితే మామూలుగా మగనిపేరే. చెట్టులేని నేల, కలప లేదు. గడ్డివేళ్లతో సహా మట్టిపెళ్లలు కోసి గోడలు పేర్చుకున్నారు. 1880-81 చలికాలంలో మంచుకు రైళ్లు ఆగిపోతే ఎండుగడ్డిని తాడులా పేని పొయ్యిలో పెట్టారు. ఆ మంట ఎంతసేపు ఉంటుంది? రోజంతా పేనుతూ కూర్చోవాల్సిందే. ఆమె నవ్వకపోవడం నాకు వింతగా అనిపించదు.

నాకు అడ్డం తగిలింది బొమ్మ పేరు: 'ప్రెయిరీ నా తోట'. ఆ పూలు ఆమె నాటినవి కావు. 1858లో యాంక్టన్ సూ తెగవాళ్లతో చేయించుకున్న ఒప్పందంలో ఈ వైపున కోటి ఎకరాలకు పైగా చేతులు మారింది. యాభై ఏళ్లలో ఇస్తామన్నది 16 లక్షల డాలర్లు, అంటే ఎకరానికి పదిహేను సెంట్లు కూడా కాదు. రాష్ట్రానికి మాత్రం వాళ్ల పేరే మిగిలింది. డకోటా అంటే వాళ్ల భాషలో మిత్రుడు. మల్లన్నసాగర్ జలాశయం కింద వేములఘాట్ ఊరును పోగొట్టుకున్న మన జిల్లావాళ్లకు ఈ లెక్క నేను విడమరచి చెప్పక్కర్లేదు.

మన సిద్దిపేట కాపు రాజయ్య కూడా బతుకమ్మ ఆడవాళ్లను గీశారు. ఆ పూలదీ బీడే, కానీ బీడును ఎవరూ నా తోట అనలేదు, ఎవరు కోసినా అడిగేవాళ్లు లేరు. ఈ మాట గొప్పగా రాసుకున్నాను. పోయిన దసరాకు ఊరికొస్తే చిన్నమ్మ కోసే బీడు ప్లాట్లయి ఉంది, హద్దురాళ్లు పాతి ఉన్నాయి. ఆమె నన్ను వెంటబెట్టుకొని అంగడికి పోయి, బేరమాడి, రెండు కట్టల గునుగు కొన్నది.