పాత మోటారుకారు చెప్పే చరిత్ర

మన పల్లెటూళ్లలో పాత పెంకుటిల్లు ఉన్న చోట, దాని వెనుక గొడ్లచావిడిలోనో, పూరిపాకలోనో, చక్రాలు నేలలో దిగబడిపోయిన మోటారుకారు ఒకటి ఉండడం వింత కాదు. కోళ్లు దాని సీటుమీద గ్రుడ్లు పెడతాయి. పిల్లలు దాని చక్రాన్ని త్రిప్పి ఆడుకుంటారు. ఇంటివారు పాత ఇనుపసామాను కొనేవాడు ఎప్పుడు వస్తాడా అని చూస్తుంటారు. అటువంటి కారును ఇంటికి తెచ్చుకొని, సెలవు దినాలలో స్వయంగా బాగుచేసుకోవడం ఈమధ్య కొందరికి ఇష్టమైన వ్యాపకం అయినది. ఇది ధనవంతుల సరదా అని చాలమంది తలపోస్తారు. కాని ఆ కారులోని భాగాలను ఒక్కొక్కటిగా విప్పి చూచినవానికి రెండు వందల సంవత్సరాల విజ్ఞానశాస్త్ర చరిత్ర అందులో కనిపిస్తుంది. ఆ సంగతినే ఈ వ్యాసంలో కొంత వివరిస్తాను.

కారు మన దేశానికి వచ్చిన తీరు

మొదట మన దేశంలో కార్లు తయారు కాలేదు. విదేశాలనుండి విడిభాగాలు ఓడలలో వచ్చేవి. ఇక్కడ వాటిని కూర్చేవారు. ఫోర్డు కంపెనీ 1926లోను, జనరల్ మోటార్సు 1928లోను ఈ పని ప్రారంభించాయి. 1942లో హిందూస్థాన్ మోటార్సు, 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్సు, 1948లో మద్రాసులో స్టాండర్డు కంపెనీ ఏర్పడ్డాయి. 1953లో టారిఫ్ కమిషను సిఫార్సులను ప్రభుత్వం అమలుపరచినది. క్రమంగా ఇక్కడనే తయారుచేసే ప్రణాళిక లేని కంపెనీలు కేవలం కూర్పుపనితో కొనసాగరాదని వాటి సారాంశం. ఫోర్డు, జనరల్ మోటార్సు వెళ్లిపోయాయి. మిగిలిన కంపెనీల కార్లే మన రోడ్లమీద ఒక తరానికి పైగా తిరిగాయి.

వీటిలో అంబాసిడరు కథ చెప్పుకోదగినది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనానే హిందూస్థాన్ మోటార్సు వారు తీసుకొని, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 1950ల చివర తయారీ మొదలుపెట్టారు. ఇంగ్లండులో ఆ నమూనా కొద్ది సంవత్సరాలలోనే ఆగిపోయినది. మన దేశంలో మాత్రం 2014 మే నెల వరకు, స్వల్పమైన మార్పులతో, తయారవుతూనే ఉన్నది. ఒకే ఆకారం అర్ధశతాబ్దానికి పైగా నిలిచినందువల్లనే ఈనాడు దానిని ఇంట్లో బాగుచేయడం సాధ్యమవుతున్నది. ఒకదాని తలుపు మరొకదానికి కొద్ది సవరణతో సరిపోతుంది. 1966లో ఏర్పడిన విజయవాడ జవహర్ ఆటోనగర్ వంటిచోట్ల వెదికితే పాత భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి.

నా మొదటి పొరపాటు

మాది బాపట్ల. రేపల్లెలోని మా బంధువుల ఇంట్లో 1964 నాటి అంబాసిడరు ఒకటి పద్దెనిమిది సంవత్సరాలుగా చావిడిలో పడి ఉన్నది. దానిని లారీమీద మా ఇంటికి తెచ్చాను. కళాశాలలో భౌతికశాస్త్రం బోధించేవాడిని గనుక ఈ పని నాకు సులభమే అనుకున్నాను. గరుకుకాగితంతో పైతుప్పు గీకి, రంగు వేయించాను. కారు తళతళలాడినది. ఒక్క వర్షాకాలం గడిచేసరికి తలుపుల క్రిందిభాగంలో రంగు పొక్కులు పొక్కినది. వ్రేలితో నొక్కితే రేకు లోపలికి పోయినది.

తెనాలిలో డెబ్బదియేండ్లు దాటిన మేస్త్రి ఒకాయన ఉన్నారు. పాత కార్ల పనిలో చేయి తిరిగినవారు. ఆయన వచ్చి చూచి నవ్వారు.

“మాష్టారూ, జ్వరం వచ్చినవాడికి దుప్పటి కప్పితే జ్వరం పోతుందా? కనబడకుండా పోతుంది. అంతేగదా!” అన్నారు.

“మరి ఏం చేయమంటారు మేస్త్రిగారూ?”

“లోపల చూడండి. తుప్పు ఎప్పుడూ చాటున పుడుతుంది.”

చాటున పుడుతుందన్న ఆ మాట వెనుక గొప్ప శాస్త్రసత్యం ఉన్నదని ఆ రాత్రి పుస్తకాలు తిరగవేస్తే తెలిసినది.

తుప్పు రహస్యము

ఇనుము, గాలి, నీరు కలిస్తే తుప్పు పడుతుందని ఉన్నత పాఠశాల విద్యార్థులందరికి తెలుసు. అది విద్యుద్రసాయనిక చర్య అన్న సంగతి మాత్రం శాస్త్రజ్ఞులకు క్రమంగా తెలిసివచ్చినది. 1824లో హంఫ్రీ డేవీ ఇంగ్లండు యుద్ధనౌకల అడుగున ఉన్న రాగిరేకులకు తుత్తునాగపు ముక్కలను అతికించి, సముద్రజలంలో రాగి కరగకుండా కాపాడవచ్చునని చూపాడు. తుత్తునాగం తాను కరిగిపోతూ రాగిని రక్షించినది. 1837లో ఫ్రాన్సులో సొరెల్ ఇనుముకు తుత్తునాగపు పూత వేసే పద్ధతికి పేటెంటు పొందాడు. మన ఇళ్లలోని జింకు బకెట్టు ఆ పద్ధతికి వారసురాలే.

ఐతే తుప్పు చాటున ఎందుకు పుడుతుంది? దీనికి స్పష్టమైన సమాధానం 1920లలో కేంబ్రిడ్జిలో పనిచేసిన యు. ఆర్. ఎవాన్స్ ఇచ్చాడు. ఆయన ప్రయోగాన్ని మన పాఠశాలలలో తేలికగా చేయవచ్చు. ఉప్పునీటిలో కొద్దిగా ఫినాల్ఫ్తలీన్, కొద్దిగా పొటాషియం ఫెర్రిసైనైడు కలపండి. బాగా తోమి శుభ్రపరచిన ఇనుపరేకుమీద ఆ నీటిచుక్క నొకదానిని ఉంచండి. కొంతసేపటికి చుక్క మధ్యభాగం నీలమవుతుంది. అంచు గులాబిరంగుకు వస్తుంది. నీలిరంగు ఇనుము కరుగుతున్న చోటును, గులాబిరంగు క్షారం ఏర్పడుతున్న చోటును సూచిస్తాయి.

దీని భావమేమి? చుక్క అంచులో నీరు పలుచగా ఉంటుంది. అక్కడికి గాలిలోని ఆమ్లజని, అనగా ఆక్సిజన్, సులభంగా చేరుతుంది. మధ్యభాగానికి అంతగా చేరదు. ఆమ్లజని తక్కువైన చోట ఇనుము ఎలక్ట్రానులను వదలి కరుగుతుంది. ఆ ఎలక్ట్రానులు లోహంగుండా అంచుకు ప్రవహిస్తాయి. ఇది ఒక చిన్న విద్యుద్ఘటము. గాలి ఆడే చోటకంటె గాలి ఆడని చోటనే లోహం నశిస్తుందన్నమాట. కారు తలుపు అడుగున పేరుకున్న బురద, రెండు రేకుల మధ్య సందు, రంగు క్రింద మిగిలిన తుప్పుపొర – ఇవన్నీ గాలి ఆడని చోట్లే. నేను రంగు వేసి ఆ చాటును మరింత పెంచాను!

మా ప్రాంతానికి ఇంకొక ఇబ్బంది ఉన్నది. బాపట్లకు సూర్యలంక సముద్రతీరం సుమారు 9 కిలోమీటర్లు. గాలితోపాటు వచ్చే ఉప్పు రేకుమీద పేరుకుంటుంది. ఉప్పు కరిగిన నీరు మంచినీటికంటె విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది గనుక ఆ చిన్న ఘటాలు మరింత చురుకుగా పనిచేస్తాయి.

మేస్త్రిగారి సలహా ప్రకారం చెడిన రేకును కోసివేసి క్రొత్తరేకు అతికించాము. తలుపు అడుగున మూసుకొనిపోయిన నీటికంతలు తెరిచాము. మిగిలిన చోట్ల తుప్పును పూర్తిగా తొలగించి ఫాస్ఫారికామ్లపు ద్రావణం పూశాము. ఇది ఇనుముపై ఫాస్ఫేటుపొర నిస్తుంది. రంగు దానిని గట్టిగా పట్టుకుంటుంది. 1906లో ఇంగ్లండులో కోస్లెట్ పేటెంటు పొందిన పద్ధతికి ఇది సరళరూపం. ఇందులో జాగ్రత్తలు అవసరం. పాతరంగులో సీసము, పాత బ్రేకు లైనింగులలో రాతినార, అనగా ఆస్బెస్టాసు, ఉండవచ్చు. వాటి పొడిని ఊదకూడదు, పీల్చకూడదు. ఆమ్లంతో పనిచేసేటప్పుడు చేతితొడుగులు, కండ్లద్దాలు తప్పనిసరి.

ఒక నిప్పురవ్వ వెనుక

బండిరేకు బాగుపడిన తరువాత ఇంజను వంతు వచ్చినది. ప్లగ్గులో రవ్వ లేదు. “డెల్కో మూత తీయండి” అన్నారు మేస్త్రిగారు. ప్లగ్గులకు వరుసగా విద్యుత్తును పంచే భాగాన్ని ఆయన ఆ పేరుతోనే పిలుస్తారు. అది ఇంగ్లీషు మాటేగాని నిఘంటువు మాట కాదు. అమెరికాలోని డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ 1909లో భాగస్వామిగా స్థాపించిన కంపెనీ పేరులోని తొలి అక్షరాల కూర్పు. బ్యాటరీతో రవ్వను పుట్టించే పద్ధతిని కార్లలో స్థిరపరచినది ఆయనే. ఒక శాస్త్రజ్ఞుని కృషి సముద్రాలు దాటి, తెనాలి మేస్త్రి నోట ఒక పనిముట్టు పేరై నిలిచినది.

ఆ పద్ధతికి మూలం 1831లో ఫారడే కనుగొన్న విద్యుత్ ప్రేరణ. రెండు తీగచుట్లలో ఒకదానిగుండా బ్యాటరీ 12 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంటుంది. ‘పాయింట్లు’ అనబడే రెండు లోహపు బొడిపెలు విడిపోయినప్పుడు ఆ ప్రవాహం ఆగిపోతుంది. అయస్కాంత క్షేత్రం కూలిపోగానే రెండవ చుట్టులో వేలాది వోల్టులు పుట్టి, ప్లగ్గు సందులో రవ్వగా దూకుతాయి. పాయింట్ల మధ్య ఎడం సుమారు 0.4 మిల్లీమీటరు మాత్రమే. నాలుగు సిలిండర్ల నాలుగు ఘాతాల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే నిమిషానికి 6000 రవ్వలు, అనగా సెకనుకు 100 రవ్వలు కావాలి. ఎడంలో కొద్ది తేడా వచ్చినా ఇంజను నడక తప్పుతుంది. మేస్త్రిగారు కొలతబద్ద పెట్టి చూచిన తరువాత, ఇంజను శబ్దాన్ని చెవితో విని తుదిసవరణ చేస్తారు.

ఇంధనంలోను చరిత్ర ఉన్నది. పెట్రోలును తుంపరగా గాలిలో కలిపే కార్బురేటరుకు మార్గం చూపినవాడు 1893లో జర్మనీకి చెందిన మేబాఖ్. 1921లో అమెరికాలో మిడ్గ్లీ పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే ఇంజను కొట్టుకోవడం తగ్గుతుందని కనుగొన్నాడు. అది ఆరోగ్యానికి హానికరమని తేలినందున మన దేశంలో 2000 సంవత్సరంలో సీసపు పెట్రోలును మానివేశారు. ఈనాటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుస్తున్నది. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోలేవు, వాటిని మార్చవలసిందే.

ఏది నిలపాలి?

పాత కారుకు రెండు దారులున్నవి. ఒక దారి తెనాలిలోనే కనిపిస్తుంది. అక్కడి సూర్య శిల్పశాల శిల్పులు పాత వాహనాల నట్లు, బోల్టులు, గొలుసులు చేర్చి నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. పనికిరాని ఇనుముకు అది గౌరవమైన జీవితమే. రెండవ దారి బాగుచేయడం. హైదరాబాదు చౌమహల్లా భవనంలోని 1912 నాటి రోల్స్ రాయిస్ కారును, ఆరవ నిజాము కోసం తయారైనదానిని, నిపుణులచేత బాగుచేయించి నిలిపారు. రాచకార్లకు రక్షకులున్నారు. డాక్టర్లు, రైతులు, మాష్టర్లు వాడిన కార్లకు మనమే రక్షకులం.

ఐతే బాగుచేయడమంటే క్రొత్తగా చేయడమా? 1964లో వెనిస్ నగరంలో ప్రాచీన కట్టడాల రక్షణకు కొన్ని సూత్రాలు రూపొందాయి. ఉన్నదానిని వీలైనంత నిలుపాలి, ఊహతో కల్పించరాదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ట్యూరిన్ పత్రంలో ఆ దృష్టినే వాహనాలకు వర్తింపజేసినది. మన కేంద్రప్రభుత్వం 2021లో చేసిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటి, మౌలికరూపం మారని వాహనాలను ‘వింటేజి’ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. వాటి సంఖ్యలో ‘వీఏ’ అనే అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలకు, సాంకేతిక పరిశోధనకు, ర్యాలీలకు వాటిని నడపవచ్చును. నిత్యప్రయాణానికి, వ్యాపారానికి కాదు.

ఈ ప్రశ్న మా చావిడిలోకే వచ్చినది. పాయింట్లు తీసివేసి ఎలక్ట్రానిక్ పరికరం అమర్చితే పని సులభమని మిత్రులు చెప్పారు. నిజమే, అది మేలైన పరికరం. నేను ఆలోచనలో పడ్డాను. మేస్త్రిగారు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా, “ఈ పాయింట్లు పెట్టడం నేర్చుకుంటామని ఇప్పుడు ఎవరూ రావడంలేదు మాష్టారూ. నాకా చూపు తగ్గుతున్నది” అన్నారు.

ఆ మాటతో నా సందేహం తీరినది. పాయింట్లనే ఉంచాను. మా కళాశాల విద్యార్థులు నలుగురిని ఆదివారాలు ఆయన ప్రక్కన కూర్చోబెట్టాను. ఏ బోల్టు ఏ వరుసలో విప్పాలి, ఎడం ఎంత ఉండాలి, ఏ శబ్దానికి ఏ జబ్బు అన్నవి ఆయన చెబుతుంటే వారు నోటుబుక్కులో వ్రాశారు. విప్పకముందు ప్రతి భాగానికి బొమ్మ గీశారు. మార్చిన భాగం ఏది, పాత భాగం ఏది అన్నది తేదీతో సహా గుర్తించారు. చెవితో విని చేసే సవరణ మాత్రం కాగితంమీద పూర్తిగా రాలేదు. దానిని వారు చేతితోనే నేర్చుకోవలసి వచ్చినది. ఒక విద్యార్థికి అది పట్టుబడినది.

ఇనుము తుప్పు పట్టకుండ ఆపే ఉపాయాలు మనకు తెలుసు. ఒక తరం చేతులలో ఉన్న విద్య మరుగున పడకుండ ఆపడానికి పక్కన కూర్చొని నేర్చుకునేవాడు కావాలి. ఉపాధ్యాయులు ఎవాన్స్ నీటిచుక్కను తరగతిలో చూపించిన తరువాత, విద్యార్థులను ఊరి మేస్త్రి దగ్గరకు ఒకసారి తీసుకొనిపోవాలని నా మనవి. పాత కారు దొరకకపోయినా ఫరవాలేదు; పాత సైకిలైనా, కుట్టుమిషనైనా, నీటిపంపైనా చాలు. విప్పేముందు బొమ్మ గీయండి. చేసినవారి పేరు, చెప్పిన మాట, తేదీ వ్రాసి ఉంచండి.