పలనాటి బాలుర యాటవస్తువులు

గురజాల యనగానే నలగామరాజు కొలువును, నాయకురాలి మంత్రాంగమును చరిత్రకారులకు స్ఫురించును. ఈ సీమ చరిత్రమున పిల్లల యాటకును చోటు కలదని వారంతగా తలపరు. శ్రీనాథుని కృతిగా ప్రసిద్ధమై, అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిన పల్నాటి వీరచరిత్రమున, బాలచంద్రుని యుద్ధోద్యోగమునకు మూలము బొంగరమే. అది తగిలి నొచ్చిన అన్నమ పలికిన యెత్తిపొడుపుమాట యాతనిని కారెంపూడి రణభూమికి నడిపించినది.

మా బాల్యమున బొంగరమునకు మాత్రము వడ్రంగి నాశ్రయింపవలసియుండెను; తక్కినవన్నియు చేలు పెట్టిన భిక్షయే. ఎండిన జొన్నదంటు పైబెరడును నిలువుగా చీల్చిన పేళ్ళే చీలలు. లోని బెండే బండియు, కాడియు, ఎద్దులును. మెత్తని బెండున పేడు గ్రుచ్చిన బిగిసి నిలుచును, జిగురక్కరలేదు. పేడు అంచు మాత్రము కత్తివలె వ్రేలిని కోయును. ఆ గాటు లేని బాలుడు మాలో లేడు. తాటికాయలు రెండు పుల్లకు గ్రుచ్చిన దొర్లుడుబండి సిద్ధము. దానిని తోలుకొని పోయి, పరుల దొడ్డిలోని సీతాఫలములు కోసి, గడ్డివామిలో మాగవేసెడివారము. వామి యజమానుడే మాకంటె ముందుగా వానిని భక్షించుటయు కలదు!

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. వరియు, మిరపయు, ప్రత్తియు పెరిగినకొలది జొన్నచేలు తరిగెను. పలనాటి జొన్నకూటిపై శ్రీనాథునిపేర చెప్పబడు చాటువుల విసుగు అందరెరిగినదే. నీరు వచ్చుట మేలే, కాదనను. కాని దంటు లేనిచో బెండుబండి యెక్కడిది?

కావున మన సంఘమున డెబ్బది దాటిన పెద్దలు, చేతివాటము మరువకమునుపే, వచ్చు మహాసభకు ఒక్కొక్క బెండుబండిని చేసి తెచ్చి, దానిని మనుమలచేత విప్పించి మరల కట్టింపవలెనని ప్రార్థన. దంటులు నేను సేకరించి యుంచెదను.