ఉదయగిరి చెక్క పనికి కత్తుల ఇంటిపేరు

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఆత్మకూరు దాటి వెళ్లే ఉదయగిరి పేరు చరిత్రలో దుర్గంతో ముడిపడింది. 1513లో కృష్ణదేవరాయలు ముట్టడి మొదలుపెట్టి, ఏడాదికి పైగా కాచుకుని గజపతుల నుంచి దాన్ని గెలిచాడు. ఇవాళ సంతల్లో, హస్తకళల దుకాణాల్లో ఊరి పేరు వినిపించేది మాత్రం బిక్కి, దేవదారి వంటి కొండ కర్రతో చెక్కే గరిటెలు, స్పూన్ల వల్ల. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద ఈ పని ‘ఉదయగిరి ఉడెన్ కట్లరీ’గా నమోదైంది. ఆ కట్లరీకీ, దాని కిందికి చేరిన స్పూన్‌కూ ఉన్న చుట్టరికం చూస్తే, పేరు పెట్టిన చూపు చెక్కేవాడిది కాదు, కొనేవాడి భోజనబల్లది అనిపిస్తుంది.

కట్లరీ కత్తి వంశం. లాటిన్‌లో చిన్న కత్తిని చెప్పే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి దిగింది. 1624లో షెఫీల్డ్ ప్రాంతపు కట్లర్ల సంఘాన్ని నెలకొల్పిన చట్టం పేర్కొన్న సరుకు కత్తులు, కొడవళ్లు, కత్తెరల వంటిది, అంటే పదునున్న ఇనుము. స్పూన్ పుట్టుక వేరు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు చెక్కపేడు అని అర్థం. తినే సాధనమన్న అర్థం తర్వాత స్థిరపడింది. భోజనబల్ల మీద కత్తి పక్కన చేరాకే స్పూన్ కట్లరీలో కలిసింది. పుట్టుకను బట్టి చూస్తే అది షెఫీల్డ్ కొలిమికన్నా ఉదయగిరి ఉలికే దగ్గర.

మాటల పుట్టుక తవ్వి ఏం లాభం, వాడుకే అర్థం కదా అనవచ్చు. పైగా ఉదయగిరిలో ఫోర్కులూ చేస్తున్నారు. నిజమే, నిఘంటువుకు ఆ జవాబు చాలు. కానీ సరుకుల అంతర్జాతీయ వర్గీకరణ పాత గీతను ఇంకా చెరపలేదు: ఎనిమిదో తరగతిలో కట్లరీ పక్కనే కత్తులు, క్షురకత్తులు ఉంటాయి, వంటింటి పాత్రసామాను ఇరవై ఒకటో తరగతి. తెలుగు వంటింట్లో కలిపేదీ వడ్డించేదీ గరిటె, తినేది చెయ్యి. ఫోర్కుకు అక్కడ పని లేదు. గరిటె చెక్కే చెయ్యి ఫోర్కు చెక్కిందంటే, బయటి బజారు అడిగింది కనుకనే. ఆ బజారుకు కట్లరీ అన్న పేరు పనికొచ్చిన మాట కాదనలేం. అయితే కర్ర సంగతి చెప్పే భారమంతా ‘ఉడెన్’ అన్న విశేషణం మీదే పడింది. అది తీసేస్తే ఆ పేరులో మిగిలేది కత్తే.