కొండ మీద కేక

"అర్ధరాత్రి కేకేస్తే పదిమంది వస్తారు." మన ఊళ్ళల్లో ఒక మనిషి మంచితనం గురించి చెప్పాలంటే ఈ మాట అనేవాళ్ళు. ఆస్తిపాస్తుల లెక్క వేరు, ఈ లెక్క వేరు. ఏ పిల్లవాడో బావిలోనో కాలవలోనో పడ్డాడంటే పోలీసుల కంటే ముందు గజ ఈతగాళ్ళకి కబురు వెళ్ళేది. వాళ్ళకి ఆఫీసు ఉండదు, బోర్డు ఉండదు. వాళ్ళు నీళ్ళు తెలిసినవాళ్ళు, అంతే. నీళ్ళు తెలిసినవాడు ఒడ్డున నిలబడి చూస్తూ ఊరుకోకూడదన్నది ఎవరూ రాసిపెట్టని చట్టం.

కొండలకి కూడా అలాంటి చట్టమే ఉంది. కాకపోతే కొన్ని దేశాలలో దానికి పేరు, రిజిస్టరు, శిక్షణ, యూనిఫారం వచ్చాయి. అవి ఎలా వచ్చాయో తెలుసుకుంటే, వలస వచ్చిన మనలాంటి వాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటి అందులో దొరుకుతుంది.

ఆల్ప్స్ కనుమల్లో దారి తప్పిన బాటసారులని సెయింట్ బెర్నార్డ్ మఠంలోని సన్యాసులు వందల ఏళ్ళ పాటు కాపాడుతూ వచ్చారు. ఆ మఠం కుక్కల గురించి చాలామంది వినే ఉంటారు. కానీ కొండ రక్షణ కోసమే పుట్టిన మొదటి సంఘం మాత్రం వియన్నాలో మొదలయింది. 1896 మార్చి 8న వియన్నాకి దగ్గరలోని రాక్స్ కొండ మీద మంచు చరియ విరిగిపడి ముగ్గురు చనిపోయారు. వెతకటానికి ఉత్సాహంగా వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఎవరు ఎటు వెళ్ళాలో చెప్పే పద్ధతి లేదు. ఆ ఏడాదే అక్కడి పర్వతారోహణ సంఘాలన్నీ కలిసి ఒక రక్షణ కమిటీ పెట్టుకున్నాయి.

పోలండులో కథ ఇంకా బాధాకరమయింది. 1909 ఫిబ్రవరి 8న కార్లోవిచ్ అనే సంగీతకారుడు తాత్రా కొండల్లో ఒంటరిగా తిరుగుతూ మంచు కింద పడి చనిపోయాడు. ఆ అక్టోబరులోనే జకోపానే అనే కొండ ఊళ్ళో, జరూస్కి అనే ఆయన నాయకత్వంలో అక్కడి గైడ్లు స్వచ్ఛంద రక్షక దళంగా ఏర్పడ్డారు. పిలుపు రాగానే బయల్దేరతామని ప్రమాణం చేశారు. ఏడాది తిరక్కుండానే ఆ ప్రమాణానికి పరీక్ష వచ్చింది. 1910 ఆగస్టులో ఒక నిలువు రాతిగోడ మీద ఇరుక్కున్న యువకుడి కోసం దళం వెళ్ళింది. కుండపోత వాన, పైనుంచి దొర్లిపడుతున్న రాళ్ళు. వెనక్కి తిరగమని జరూస్కి ఆజ్ఞ ఇచ్చాడు. అరవై ఏళ్ళ వయసున్న బాఖ్లేదా అనే పెద్ద గైడు మాత్రం ఆగలేదు. ఒక్కడే పైకి వెళ్ళి రాళ్ళ కింద ప్రాణం వదిలాడు. ఎవరి కోసం వెళ్ళాడో ఆ యువకుడు కూడా బతకలేదు. అప్పటినుంచి అన్ని దేశాల రక్షక దళాలనీ వేధించే ప్రశ్న ఒకటుంది. ఎక్కడిదాకా వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి? వెళ్ళటం నేర్పినట్టే ఆగటం కూడా నేర్పాలని ఆ దళాలన్నీ తర్వాత తెలుసుకున్నాయి.

ఇంగ్లండులో 1928లో లాడో అనే రాతిగుట్ట మీద తొడ ఎముక విరిగిన మనిషిని సరయిన స్ట్రెచర్ లేకుండా, నొప్పికి మందు లేకుండా గంటల తరబడి మోసుకొచ్చారు. మాంచెస్టర్‌లో విల్సన్ హే అనే సర్జన్ ఆ కాలు తీసేయవలసి వచ్చింది. కాలు పోవటానికి దెబ్బ ఒక్కటే కారణం కాదు, ఆ మోత కూడా కారణమేనని ఆయన నమ్మాడు. కొండలకి పనికొచ్చే స్ట్రెచర్ కోసం కమిటీ పెట్టించాడు. మార్ఫిన్ మందు రక్షక కేంద్రాలకి ఇవ్వటం అప్పట్లో చట్ట విరుద్ధం. ఆయన ఇస్తూనే ఉన్నాడు. 1949లో కేసయింది, జరిమానా కట్టాడు. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి అనుమతి ఇచ్చింది. బ్రిటన్‌లో ఇవాళ్టికీ కొండ మీద కాలు విరిగితే మోసుకొచ్చేది చాలా వరకు జీతం లేని స్థానికులే. బిల్లు కూడా రాదు.

ఇక ఆస్ట్రేలియా సంగతి. ఇక్కడ బుష్‌లో దారి తప్పితే "కూఈ" అని అరుస్తారు. సిడ్నీ ప్రాంతపు దారుగ్ జాతి వాళ్ళ దగ్గర తెల్లవాళ్ళు నేర్చుకున్న పిలుపు అది. మన పొలాల్లో "ఓహోయ్" అన్నట్టే, చివర గొంతు పైకి లేస్తుంది. చాలా దూరం వినబడుతుంది.

పిలుపే కాదు, వెతకటం కూడా మూలవాసుల దగ్గర నేర్చుకున్నదే. 1864 ఆగస్టులో విక్టోరియా రాష్ట్రంలో ముగ్గురు చిన్నపిల్లలు పొదల్లోకి వెళ్ళి తప్పిపోయారు. అందరికంటే చిన్నవాడు మరీ పసివాడు. చుట్టుపక్కల వాళ్ళంతా రోజుల తరబడి వెతికారు. వానకి అడుగుజాడలు చెరిగిపోయాయి. అప్పుడు గానీ ముగ్గురు మూలవాసులని పిలిపించాలని తోచలేదు. వాళ్ళు విరిగిన కొమ్మలు, నలిగిన గడ్డి చూసుకుంటూ వెళ్ళి, తొమ్మిదో రోజున పిల్లలని ప్రాణాలతో పట్టుకున్నారు. ఆ ముగ్గురిలో ఒకడయిన డిక్-ఎ-డిక్ నాలుగేళ్ళ తర్వాత, 1868లో ఇంగ్లండు వెళ్ళిన మొదటి ఆస్ట్రేలియా క్రికెట్ జట్టులో ఆడాడు.

క్రికెట్ అంటే గుర్తొచ్చింది, అసలు కథ చెప్పాలి. 1937 ఫిబ్రవరి 19న బ్రిస్బేన్ నుంచి సిడ్నీకి బయల్దేరిన స్టిన్సన్ విమానం ఒకటి కనబడకుండా పోయింది. అందులో ఏడుగురున్నారు. ఆ రోజు తుఫాను గాలి. సిడ్నీ దగ్గర చూశామని ఎవరెవరో చెప్పటంతో వెతుకులాట అంతా అటే సాగింది. వారం దాటింది, ఆశ వదిలేశారు.

లామింగ్టన్ కొండల్లో బెర్నార్డ్ ఓరైలీ అనే రైతు ఉండేవాడు. వాళ్ళ కుటుంబానికి అక్కడ ఒక అతిథి గృహం కూడా ఉంది. విమానం తమ కొండల వైపే వెళ్ళటం స్థానికులు గమనించారన్న మాట అతని చెవిన పడింది. మ్యాపు మీద దాని దారి గీసుకున్నాడు. ఫిబ్రవరి 27న రొట్టెలు, ఉల్లిపాయలు లాంటివి కాసిని మూట కట్టుకుని ఒక్కడే అడవిలోకి వెళ్ళాడు. ఎండ నేలకి దిగనంత దట్టమయిన అడవి అది. రాత్రి అందులోనే పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న ఒక శిఖరం మీద నుంచి చూస్తే, పన్నెండు కిలోమీటర్ల అవతల పచ్చటి కొండల మధ్య ఒక్క చెట్టు మాత్రం గోధుమరంగులో కనబడింది. వానాకాలంలో, ఆ అడవిలో, చెట్టు అలా ఎండదు. కాలితేనే ఆ రంగు వస్తుంది.

ఆ చెట్టు వైపు గంటల తరబడి నడిచి "కూఈ" అని అరిచాడు. జవాబు వచ్చింది. కాలిపోయిన విమానం పక్కన ఇద్దరు బతికి ఉన్నారు. ఒకరికి కాలు విరిగి పుండు పురుగు పట్టింది. రెండో ఆయన, బిన్‌స్టెడ్, పాక్కుంటూ కిందికి వెళ్ళి ఇద్దరికీ నీళ్ళు తెచ్చేవాడు. పదిరోజుల తర్వాత మొదటిసారి మనిషిని చూసిన ఆ ఇద్దరూ అడిగిన వాటిలో టెస్ట్ మ్యాచ్ స్కోరు కూడా ఒకటి! బ్రాడ్‌మన్ ఎంత కొట్టాడో ఓరైలీ చెప్పాడట. సాయం కోసం కిందికి దిగిన మూడో మనిషి, వెస్ట్రే అనే ఇంగ్లీషు యువకుడు, జలపాతం దగ్గర జారిపడి వాగు ఒడ్డున చనిపోయి ఉన్నాడు. ఓరైలీ తిరుగుదారిలో అతన్ని చూశాడు.

ఇక్కడిదాకా ఈ కథ చాలామందికి తెలుసు. సినిమా కూడా తీశారు. నాకు ముఖ్యంగా తోచేది ఆ తర్వాతి రాత్రి. ఓరైలీ కింది లోయలోకి పరిగెత్తి కబురు చెప్పాడు. పాలవ్యాపారం చేసుకునే రైతులు పశువులని వదిలి, గొడ్డళ్ళు, కత్తులు పట్టుకుని బయల్దేరారు. చీకట్లో, ఆ కీకారణ్యంలో దారి కొట్టుకుంటూ డాక్టరుతో సహా పైకి వెళ్ళారు. ఇద్దరినీ మోసుకుని కిందికి దించారు. వాళ్ళలో ఎవరికీ ఆ ప్రయాణికులతో చుట్టరికం లేదు, ముఖపరిచయం లేదు. చెట్టు రంగు గుర్తుపట్టినవాడు ఒక్కడే గానీ, దించటానికి ఒక్కడు చాలడు. స్ట్రెచర్‌కి ఒకసారికి కనీసం ఆరుగురు కావాలి, ప్రతి కొద్దిదూరానికీ ఇంకో ఆరుగురు మారాలి. వీరుడి పేరు చరిత్రలో నిలుస్తుంది. మోసినవాళ్ళ పేర్లు ఆ ఊరి వాళ్ళకే గుర్తుంటాయి.

ఈ కేకనీ జవాబునీ ఒక పద్ధతిలో పెట్టటం అప్పటికే మొదలయింది. న్యూ సౌత్ వేల్స్‌లో బుష్‌వాకింగ్ క్లబ్బుల సమాఖ్య 1936లోనే సొంత రక్షణ విభాగం పెట్టుకుంది. 1955 వరదల తర్వాత అదే రాష్ట్రంలో స్టేట్ ఎమర్జెన్సీ సర్వీస్ పుట్టింది. ఇవాళ ప్రతి రాష్ట్రంలోనూ ఎస్.ఇ.ఎస్. ఉంది, నారింజరంగు యూనిఫారంతో. మా పశ్చిమ ఆస్ట్రేలియాలో తప్పిపోయినవాళ్ళని వెతికే బాధ్యత పోలీసులది. కానీ భుజం భుజం కలిపి వరసగా పొదలు గాలించేది, కొండ అంచుల నుంచి తాళ్ళతో మనుషులని దించేది ఎక్కువగా ఎస్.ఇ.ఎస్. వలంటీర్లే. వాళ్ళు పగలు టీచర్లు, మెకానిక్కులు, నర్సులు. పేజరో ఫోనో మోగితే రక్షకులు.

పెర్త్‌కి నాలుగువందల కిలోమీటర్ల దూరంలో స్టిర్లింగ్ కొండలున్నాయి. అందులో ఎత్తయిన బ్లఫ్ నోల్ సుమారు 1,100 మీటర్లు. నూంగార్ జనం దాన్ని బులార్ మియల్ అంటారు. హిమాలయాలని చూసిన కళ్ళకి అదొక గుట్ట. అందుకే లాంగ్ వీకెండు వస్తే మనవాళ్ళు పులిహోర డబ్బాలతో, మామూలు చెప్పులతో బయల్దేరతారు. కింద ఎండ కాస్తుండగానే పైన మబ్బు కమ్మేస్తుంది, చలిగాలి లేస్తుంది. అప్పుడప్పుడు మంచు కూడా పడుతుంది. ఒకవైపు నిలువు కొండచరియ. అక్కడ ఎవరయినా ఇరుక్కుంటే వెళ్ళేది దగ్గర ఊళ్ళ వలంటీర్లే.

హారిస్‌డేల్ విషయానికొస్తే, ఇక్కడ కొండ లేదు. ఇరవై ఏళ్ళ కిందట ఇళ్ళు కూడా లేవు. తూర్పున డార్లింగ్ కొండవరస సన్నటి నీలిగీతలా కనబడుతుంది. మేముండేది ఆర్మడేల్ నగరపాలక సంస్థ పరిధిలో. ఆ కొండల పాదాల దగ్గరున్న ఆర్మడేల్‌లో ఒక ఎస్.ఇ.ఎస్. యూనిట్ ఉంది. ఒక ఉగాది భోజనాల దగ్గర నేను ఈ మాట ఎత్తితే వచ్చిన మొదటి ప్రశ్న, "ఇంతకీ ఎంతిస్తారండీ?" ఏమీ ఇవ్వరని చెప్పాను. "అయితే మనకెందుకండీ, వాళ్ళ కొండలు వాళ్ళకి తెలుస్తాయి గానీ" అన్నారు ఒక పెద్దాయన, పప్పు వడ్డించుకుంటూ. నవ్వుకున్నాం. కానీ ఆయన మాటలో సగం నిజముంది. కొండ తెలియనివాడు వెళ్ళి చేసేదేముంది?

మిగతా సగానికి జవాబు మన చరిత్రలోనే ఉంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలినప్పుడు సుఖోయ్ విమానాలు, ఉపగ్రహాలు, వేలమంది పోలీసులు దిగారు. వాళ్ళతో పాటు అడవి తెలిసిన చెంచులు కూడా వెతికారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల మధ్య కచ్చులూరు దగ్గర పడవ మునిగితే, 26 మందిని నీళ్ళలోంచి లాగింది ఒడ్డున ఉన్న పల్లెల వాళ్ళు, తమ చిన్న పడవలతో. వాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

2015 మార్చిలో నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం అనే చిన్న ఊరి నుంచి ఎదిగి ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కిన మల్లి మస్తాన్‌బాబు, ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్ళి కనబడకుండా పోయాడు. అర్జెంటీనా, చిలీల సరిహద్దులో, ఆరువేల ఏడువందల మీటర్ల ఎత్తున్న కొండ అది. పదిరోజుల తర్వాత ఆయన దేహం దొరికింది. వాతావరణం అడ్డుపడటంతో దించటానికి ఇంకా రోజులు పట్టాయి. చివరికి ఏప్రిల్ నెలాఖరుకి ఆ నలభై ఏళ్ళ బిడ్డ తల్లి ఉన్న ఊరికి చేరాడు. తెలుగు అనే భాష ఉందని కూడా వినని మనుషులు, వాళ్ళ కొండ మీద వెతికి, మన మనిషిని మనకి అప్పగించారు.

అప్పటికి వాళ్ళు "మనకెందుకండీ" అనుకుని ఉంటే?

కొండ ఎవరికీ పుట్టుకతో తెలియదు. ఓరైలీకి కూడా నడిచీ నడిచీ తెలిసింది. ఎస్.ఇ.ఎస్. వాళ్ళు కొత్తగా చేరినవాడికి మొదట నేర్పేవి చిన్న చిన్న పనులే. ముడి వెయ్యటం, మ్యాపు చదవటం, రేడియోలో తక్కువ మాటల్లో ఎక్కువ చెప్పటం, పక్కవాడికి ఎంత ఎడంలో నడవాలో. చెట్టు రంగు గుర్తుపట్టే చూపు వచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. స్ట్రెచర్‌కి ఆరో మనిషిగా చెయ్యి వెయ్యటానికి అన్నేళ్ళు అక్కర్లేదు.

మనం ఇల్లు కొన్నాం, పౌరసత్వం తీసుకున్నాం, ఓటు వేస్తున్నాం. ఈ ఊరు మనదయిందా అని పిల్లలు అడిగితే ఈ కాగితాలన్నీ చూపిస్తాం. మన తాతలయితే కాగితాలు అడగరు. అర్ధరాత్రి కేకేస్తే ఎంతమంది వస్తారని అడుగుతారు. ఆ తర్వాత ఇంకొకటి కూడా అడుగుతారు. వాళ్ళు కేకేస్తే నువ్వు వెళ్ళావా, అని.