కేకల నడుమ పాట: మైక్రోఫోను చరిత్రలో ఒక ఘట్టం

పాడేవారికే పాట వినబడని చోట దానిని రికార్డు చేయడం సాధ్యమా? 1964 ఆగస్టు 23వ తేదీ రాత్రి లాస్ ఏంజిలిస్ నగరంలోని హాలీవుడ్ బౌల్ అను ఆరుబయలు రంగస్థలంలో ఇంజనీర్లకు ఈ ప్రశ్న ఎదురైంది. ఇంగ్లండునుండి వచ్చిన బీటిల్స్ బృందం పాడుతున్నది. పదిహేడు వేల పైచిలుకు జనం ఎడతెరిపి లేకుండా కేకలు వేస్తున్నారు. కాపిటల్ గ్రామఫోను కంపెనీవారు మూడు ట్రాకుల టేపుపై కచేరిని పట్టారు గాని, అది విడుదలకు తగదని నిర్మాత జార్జ్ మార్టిన్ తేల్చాడు.

సంత గోలలో సైతం మనం ఎదుటివాని మాటను ఏరుకొని వినగలము. మైక్రోఫోనుకు ఆ వివేకం లేదు. తనపై పడిన ధ్వనినంతా విద్యుత్తుగా మార్చివేస్తుంది. కనుక ఉపాయం మనమే చేయవలెను.

మొదటి ఉపాయం దగ్గరితనం. నోటికి 50 సెంటీమీటర్ల దూరాన ఉన్న మైక్రోఫోనును 5 సెంటీమీటర్లకు జరిపితే పాట పీడనం సుమారు పది రెట్లు, అనగా 20 డెసిబెల్లు, పెరుగుతుంది. దూరాన ఉన్న జనం కేకలు మాత్రం ఉన్నంతే ఉంటాయి. పైసా ఖర్చు లేని ఈ ఉపాయాన్ని మించినది నేటికీ లేదనవచ్చును. అయితే మరీ దగ్గరైతే దిశను పాటించే మైక్రోఫోన్లలో మంద్రస్వరాలు ఉబ్బిపోతాయి.

రెండవది దిశ. షికాగోలోని షూర్ కంపెనీ ఇంజనీరు బెంజమిన్ బావర్ రూపొందించిన 'యూనిడైన్' 1939లో వెలువడింది. ఇందులో కంపించే పొర వెనుకకు కూడా ధ్వని చేరుటకు దారి ఉన్నది. వెనుకనుండి వచ్చిన తరంగం పొర ఇరువైపులకు ఒకేసారి చేరి, ఒకదానినొకటి రద్దు చేసుకొంటుంది. ఏ వైపు ధ్వనిని ఎంత గ్రహిస్తుందో గీత గీసి చూస్తే హృదయాకారం కనబడుతుంది. అన్ని దిక్కులనుండి సమంగా వచ్చే హోరులో మూడోవంతు శక్తినే ఇది స్వీకరిస్తుంది. గాయకుని ఎదుట కూర్చున్న జనం మైక్రోఫోనుకు వెనుకవైపు ఉండడం మన అదృష్టం! 1966లో వచ్చిన ఎస్.ఎం.58 ఈ వంశంలోనిదే. గుండ్రని జాలీ గల ఈ మైక్రోఫోనును నేటికీ వేదికలపై చూడవచ్చును.

ఇక వినికిడి సంగతి. 1965 ఆగస్టు 15న న్యూయార్కు షే స్టేడియంలో 55 వేలకు పైగా జనం చేరారు. పాడేవారివైపు తిప్పిన స్పీకర్లు లేనందున, డ్రమ్ములు వాయించే రింగో స్టార్ తోటివారి కదలికలను చూసి తాళం వేయవలసివచ్చింది. ఆ కచేరి చలనచిత్రం కొరకు 1966 జనవరిలో లండను స్టూడియోలో కొన్ని భాగాలను తిరిగి పాడి వాయించారు. వేదికపై స్పీకర్లను గాయకుల వైపు పెట్టడం ఆ దశాబ్దం చివరనుండి వాడుకలోకి వచ్చింది.

రికార్డు చేసేవాని పాట్లు వేరు. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు పెట్టుకొన్నా డ్రమ్ముల అదురు లోనికి వస్తుంది. తాను వింటున్నది తీగలోనిదో గాలిలోనిదో తెలియదు. కనుక మీటరు ముల్లును చూడవలెను, కచేరికి ముందే ఒక్కొక్క మైక్రోఫోనును విడిగా విని చూడవలెను. 1965 ఆగస్టు 29న హాలీవుడ్ బౌల్‌లోనే పాల్ మెకార్ట్నీ మైక్రోఫోను సరిగా పనిచేయక ఆనాటి టేపు చాలావరకు చెడిపోయింది. మరునాటి కచేరియే అక్కరకు వచ్చింది.

1977లో మార్టిన్, జెఫ్ ఎమెరిక్ ఆ పాత టేపులను 24 ట్రాకులకు మార్చారు. పాత యంత్రం వేడెక్కిపోతుంటే, దుమ్ము పీల్చే యంత్రాన్ని తిరగవేసి చల్లగాలి ఊదించారట! రికార్డు ఆ ఏడే విడుదలైంది. 2016లో మార్టిన్ కుమారుడు జైల్స్ అవే టేపులను డిజిటల్ పద్ధతులతో మళ్ళీ సవరించి, కేకలను మరికొంత వెనుకకు నెట్టాడు.